హైమాలో దొరికిన సాక్షి

కొబ్బరితోటలు చూడ్డానికే సలాలా వెళ్తున్నానని అందరికీ చెప్పాను. నిజానికి మస్కట్ ఆఫీసు నుంచి తప్పించుకోవాలనిపించింది. నాకున్నది అమెరికా ఓటు. పోస్టులో పంపే ఆ కవరు మీద సాక్షి సంతకం ఉండాలి, అదీ అమెరికనే చెయ్యాలనుకున్నాను. ఆఫీసులో ఉన్న అమెరికన్లు ఇద్దరే, చెరో పార్టీ. ఒకరిని అడిగితే రెండోవాళ్లు నెల రోజులు మొహం చూడరు. పైగా నాకు పౌరసత్వం వచ్చినప్పటి నుంచీ అమెరికా కాంగ్రెస్‌లో మా ప్రతినిధి అదే మనిషి. అవతలివాళ్లు గెలిస్తే కొంపలు మునుగుతాయని ఆయనంటాడు, ఆయన గెలిస్తే మునుగుతాయని అవతలివాళ్లంటారు. అసహ్యమేసి, ఈసారి ఓటు చింపేద్దామనే అనుకున్నాను.

బస్సు బుధవారం పొద్దున ఆరింటికి బయల్దేరింది. టికెట్ ఎనిమిది రియాళ్ల లోపే. నా పక్క సీటు ఓబులమ్మది. కడప జిల్లా మనిషి, సలాలాలో ఒక ఇంట్లో వంట చేస్తుంది. పాస్‌పోర్టు పనిమీద మస్కట్ వచ్చి తిరిగి వెళ్తోంది.

మధ్యాహ్నం దారిలో హైమా అనే ఊళ్లో భోజనానికి ఆగినప్పుడు కవరు బయటికి తీసి, చింపుతానని చెప్పాను. ఆమె తినడం ఆపేసింది.

"ఇంటికాడికే వచ్చిన ఓటును చింపుతావా అక్కా? మాకైతే ఊరికి పోయి ఎయ్యల్ల. మా అర్బాబు, ఆ ఇంటి యజమాని, సెలవిస్తాడా? ఓటేసి పదకొండేండ్లాయ. నా పేరు లిస్టులో ఉండాదో తీసేసినారో గూడా తెలీదు."

"ఎవరూ నచ్చలేదమ్మా."

"నచ్చనోడికి ఎయ్యాకు. చింపితే మాత్రం నువ్వు ల్యానట్టే గదా."

సిగ్గేసింది. కవరుతో వచ్చిన సూచనల కాగితం అప్పుడు పూర్తిగా చదివాను. విదేశంలో ఉన్నవాళ్లకు సాక్షి అమెరికనే కానక్కర్లేదట, పెద్దవాళ్లెవరైనా చాలట! అందులో చెప్పినట్టే ముందు ఖాళీ బ్యాలెట్ ఆమెకు చూపించాను. నేను నింపుతుంటే ఆమె చెప్పకుండానే మొహం అటు తిప్పుకుంది. ప్రతినిధి గడి ఖాళీగా వదిలి, స్కూలు బోర్డుకూ జడ్జికీ వేశాను. ఆమె తెలుగులో, ఒక్కో అక్షరం దిద్దినట్టు సంతకం చేసింది.

సాయంత్రం ఆరున్నరకు సలాలా చేరాం. గురువారం పొద్దున్నే కవరు కొరియర్‌కిచ్చాను, తర్వాతి రెండు రోజులూ సెలవే. మా నాయకుల మీద నా కోపం తగ్గలేదు. కానీ ఆ కోపాన్ని ఓటు మీద చూపించబోయానని మాత్రం ఇప్పుడు బాధగా ఉంది. మీరూ విదేశం నుంచి ఓటేసేవాళ్లయితే, బయల్దేరే ముందే సూచనలు చివరిదాకా చదవండి.

ఆ బుధవారం సాయంత్రం బస్సు దిగేటప్పుడు ఓబులమ్మ కవరును ఇంకోసారి చేతిలోకి తీసుకుని చూసింది.

"నా పేరు అమెరికా దంకా పోతాదన్నమాట. నేనేమో కడపకు గూడా పోలేకపోతి."