రెండు కాకులు వచ్చాయన్నాను

ఐదేళ్లుగా ఒక విస్తరాకును మోస్తున్నాను. అందులో ఉన్నదల్లా ఒక అన్నం ముద్ద, రెండు గారెలు, కాస్త పాయసం. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఎల్బీనగర్‌లో మా కాలనీ పార్కుకి, పక్షుల గురించి చదువుకుంటున్న ఒక అమ్మాయి వచ్చింది. పక్షులకు తిండి వేయొద్దని చెప్పే బోర్డులు రెండు తెచ్చింది. ఒకదాని మీద జరిమానా అని ఉంది. ఇంకోదాని మీద, మనం వేసే తిండి వాటికి జబ్బు తెస్తుందని ఉంది. దేన్ని చూసి జనం ఆగుతారో తేల్చడానికి ఒక్కోటీ ఒక్కో వారం నిలబెట్టింది. బోర్డు చూసి కూడా తిండి వేసినవాళ్లకు కాగితం మీద గీత గీసే పని నాది. రెండో బోర్డు రాసింది నేనేనని దిల్‌సుఖ్‌నగర్ దాకా చెప్పుకున్నాను. నిజానికి ఆ అమ్మాయి రాసిన వాక్యానికి ముందు 'దయచేసి' అని చేర్చాను. అంతే.

నా బోర్డు వారంలో చివరి రోజు. కాగితం మీద ఒక్క గీత లేదు. ఉండాల్సినవి రెండు. చూడనట్టు ఊరుకున్నాను.

అప్పుడొచ్చింది ఆమె. యాభై ఏళ్లుంటాయి. చేతిలో విస్తరాకు.

"పెద్దయ్యా, ఇయ్యాల మా ఆయన సంవత్సరీకం. మా బిల్డింగు మీద పొద్దుగాల్నుంచి ఒక్క కాకి వాల్తలేదు. జర ఈడ పెట్టుకుంటనే. బోర్డు చదివిన. తప్పయితదా?"

కాదనలేకపోయాను. గీత గీయడానికీ మనసొప్పలేదు.

"పెట్టు బిడ్డా. నువ్వు ఎదురుంగ నిలవడితే అదెట్ల ఒస్తది? నల్లా కాడికి పోయి కాళ్లు కడుక్కో. నేను చూస్తుంట."

ఆమె అటు తిరగ్గానే గేటు దగ్గర ఆ అమ్మాయి కనిపించింది. ఆ అమ్మాయి కంట పడకముందే విస్తరాకు మడిచి చెత్తడబ్బాలో పడేశాను.

ఆమె తిరిగొచ్చి ఖాళీ నేల చూసింది. "ఒచ్చిందా?"

"ఒచ్చింది." అక్కడితో ఆగొచ్చు కదా? నా నోరు ఆగదు. "ఒకటి గాదు, రెండు. ముందుగాల గారె ముట్టినయ్. ఆకు నేనే తీసేసిన."

"గారెలంటే పానమిచ్చేటోడు పెద్దయ్యా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాకి ముట్టకపోతే పోయినవాళ్లకు ఏదో కోరిక మిగిలిపోయినట్టే కదా మనకు. ఆమె ఏడాది భయం నా అబద్ధంతో తీరింది.

నా బోర్డు గెలిచింది. ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి కాపలా కూడా నన్నే పెట్టారు. ఏటా ఆ తిథికి ఆమె వస్తుంది. నీ చేయి మంచిదని విస్తరాకు నాకే ఇచ్చి, నేను నేర్పినట్టే అక్కడ నిలబడకుండా వెళ్లిపోతుంది. బాలాపూర్ వైపు చెరువు గట్టున కాకులు బోలెడున్నాయని తన కొడుకు చెప్పినా వినదట.

ఒకసారి పార్కు వెనక గోడ మీద పెట్టి మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. రాలేదు. మళ్లీ చెత్తడబ్బానే. ఏటా ఆ సాయంత్రం ఆమె ఫోన్ చేసి అడుగుతుంది, ముందు ఏం ముట్టిందని. ఒక ఏడు పాయసం అన్నాను. ఒక ఏడు ముద్ద అన్నాను.

ఇలాంటి నమ్మకాలు నాకు లేవని అందరితో వాదిస్తాను. మరి ఆ రోజున నాకు అన్నం ఎందుకు సయించదు? చెబితే, ఇన్నేళ్లు మొగుడు ఆకలితో ఉన్నాడన్న దుఃఖం ఒక్కసారిగా ఆమె మీద పడుతుంది. చెప్పకపోతే ఆ ఆకలికి ఇంకో ఏడాది కలుస్తుంది. నేను ఎటు కదలాలి?

వచ్చే వారమే ఆ తిథి. చెప్పేస్తానని మీకు మాటివ్వను. నా మాట సంగతి మీకీపాటికి తెలిసే ఉంటుంది. ఇక్కడ మాత్రం పెంచకుండా, తగ్గించకుండా రాస్తున్నాను. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

కాకి రాలేదు బిడ్డా. ఏ ఏడూ రాలేదు.