విన్నీ లేచి నిలబడే కథ

పందొమ్మిది వందల ముప్ఫైల్లో, ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ కొండల నడుమ ఉన్న ఆ ఆడపిల్లల హాస్టలు బడిలో నల్లపిల్ల ఒక్కతే, అరబా క్వాన్సా. ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టులో పేరున్న వకీలు కూతురు. సెలవులిచ్చినా అంత దూరం వెళ్లి రావడం అయ్యే పని కాదు. ఆ చలిదేశంలో ఆమెకు నా అన్నది తోటిపిల్ల విన్నీ టాలిస్ ఒక్కతే.

సాయంత్రాలు పిల్లలంతా చిరిగిన మేజోళ్లు కుట్టుకుంటూ కూర్చుంటే ఒకరు డిటెక్టివ్ నవల పైకి చదివేవారు. చివరి అధ్యాయం రాకముందే దొంగెవరో చెప్పాలి, అదీ పందెం. అందులో అరబాకు తిరుగులేదు. కథలో ఓడలో పనిచేసే నల్ల వంటవాడో, తలపాగా నౌకరో కనిపించాడా, ఠక్కున వాడి పేరే చెప్పేది.

"ఇది మహా గట్టిదే బాబూ! ఎలా కనిపెడతావే?" అని విన్నీ వీపు చరిచేది. అరబా మురిసిపోయేది. పిచ్చిపిల్ల! తను ఎవరి మీద వేలెత్తుతోందో ఆలోచించే వయసా అది?

ఒక జూన్ ఆదివారం మధ్యాహ్నం భోజనాల గదిలోని వెండి గంట మాయమైంది. సరిగ్గా ఆ వేళకు అరబా, విన్నీ తోటమాలి కళ్లుగప్పి స్ట్రాబెరీ మడిలో దూరి మూతులు ఎర్రబడేదాకా తింటున్నారు. ఆ సంగతి బయటపడితే విన్నీకి రాబోయే హాకీ కెప్టెన్ పదవి గోవిందా.

సాయంత్రం పెద్ద తరగతి మ్యూరియల్ వచ్చి నేరుగా అరబా ముందే నిలబడింది. "మధ్యాహ్నం ఎక్కడున్నావే?"

"తోటలో."

"ఎవరితో?"

అరబా విన్నీ వంక చూసింది. ఆ బడిలో దొంగతనం కన్నా స్నేహితురాలిని పట్టివ్వడం పెద్ద పాపం. చెబితే విన్నీయే చెప్పాలి. 'నాతో ఉంది' అన్న ఒక్క ముక్క చాలు. విన్నీ తల వంచుకుని మేజోడు కుడుతూనే ఉంది.

"ఒక్కదాన్నే," అంది అరబా.

"అచ్చం నవల్లోలాగే ఉందే!" అని వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

వెలివేశారు. ఆ బడి పిల్లల శిక్ష అదే. తిట్టరు, కొట్టరు, ఎదురుపడితే గాలిని చూసినట్టు చూసి పోతారు. పక్క మంచం మీది విన్నీ కూడా మొహం గోడవైపు తిప్పేసుకుంది. "విన్నీ, ఒక్క మాటే," అని అరబా ఎన్నిసార్లు బతిమాలిందో! కిక్కురుమంటే ఒట్టు.

కొన్నాళ్లకు పియానో శ్రుతి చేసేవాడొచ్చి మూత తీస్తే గంట లోపలుంది. చిన్న తరగతి పిల్లలు ఆటలో దాచి మరిచిపోయారట. అందరూ పడీ పడీ నవ్వారు. మర్నాడు ఫలహారం దగ్గర మ్యూరియల్, "అరబా, ఆ జామ్ ఇటందుకో," అంది. అంతే. వెలి తీరిపోయింది. తప్పయిందన్న మాట ఒక్కరి నోట రాలేదు. ఆ సీసా తీసి మొహాన కొట్టాల్సింది! కొట్టలేదు, అందించింది. విన్నీ ఏమీ జరగనట్టే కబుర్లలో పడింది. కెప్టెన్ కూడా అయింది. ఆ ఆదివారం మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

చదువయ్యాక అరబా ఆ దేశంలోనే ఉండిపోయింది. బ్రిస్టల్‌లో పిల్లల లైబ్రరీలో పనిచేస్తూనే ఆమె జుట్టు నెరిసింది. శనివారాలు కథ చెప్పేది. బల్లల చుట్టూ జమైకా పిల్లలు, బెంగాల్ వైపు సిలెట్ పిల్లలు, తెల్లపిల్లలు ఒకరి మీదొకరు పడి కూర్చునేవారు. ఆమె కథలో బడి అదే, గంట అదే. కానీ గంటను కనిపెట్టేది నల్లపిల్లే. అంతకన్నా ముందు, అందరూ నిలదీస్తున్నప్పుడు, ఆ పిల్ల స్నేహితురాలు విన్నీ లేచి నిలబడి, "అది నాతో ఉంది!" అని అరుస్తుంది. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ అరబా తనే లేచి నిలబడిపోయేది.

ఒక శనివారం డెల్రీన్ అనే గడుగ్గాయి వదల్లేదు. "ఆంటీ, ఆ నల్లపిల్ల నువ్వే కదూ? విన్నీ నిజంగా లేచిందా మరి?"

"లేవలేదమ్మా."

"మరి దాన్ని స్నేహితురాలంటావేంటి?"

కళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదామెకు. "ఇంకెవరూ లేరే తల్లీ," అంది.