అమావాస్య నాడు ఆగిన చెడ్డార్

కెనడాలోని స్కార్‌బరోలో ఒక పెద్ద కిరాణా దుకాణంలో భ్రమరాంబ చీజ్ కౌంటరు చూసుకునేది. నర్సరావుపేటలో పుట్టి, భర్త వెంట ఈ దేశం వచ్చి, ఆయన పోయాక చేరిన మొదటి ఉద్యోగం అది. అందులోనే జుట్టు నెరిసింది. అయినా అమ్మే సరుకును ఒక్కసారీ నోట పెట్టుకోలేదు. చాలా చీజుల తయారీలో పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారని చేరిన కొత్తల్లోనే తెలిసింది. వేలితో నొక్కి, వాసన చూసి, ఏ ముక్క ఎంత ముదిరిందో చెప్పేది. అంతవరకే.

ఇంగ్లండు నుంచి వచ్చే చెడ్డార్ అనే ఒక చీజుకు మాత్రం ఆ గొడవ లేదు. దానికోసం ఆమె వేరే కత్తి పెట్టుకుంది. తెల్లగుడ్డలో చుట్టి సొరుగులో దాచేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. దుకాణానికి సరుకు తెప్పించే సాయిచరణ్ దాన్ని ‘ఆంటీ మడికత్తి’ అని ఆటపట్టించేవాడు. ఆ కత్తి మీద నమ్మకంతోనే ఎక్కడెక్కడి శాకాహారులో ఆ కౌంటరుకు వచ్చేవారు.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చాక కూడా మూడేళ్లపాటు దాని చీజ్, సుంకం లేకుండా ఇంత అని కెనడా యూరప్‌కు కేటాయించిన వాటాలోనే వస్తూ ఉంది. ఆ వెసులుబాటు 2023 డిసెంబరుతో ముగుస్తుంది. దాని స్థానంలో రెండు దేశాల మధ్య ఒప్పందమేదీ కుదరలేదు. ఇక మీదట సరుకు ధరకు దాదాపు రెండున్నర రెట్లు సుంకం.

“మూడు దార్లున్నయి ఆంటీ,” అన్నాడు సాయిచరణ్. “ఐర్లండ్ చెడ్డార్ తెప్పిస్తే యూరప్ వాటాల వస్తది. కానీ మనకు దొరికేది దూడదే.”

“అది నా కత్తికి తగలదు. రెండోది?”

“మిగతా దేశాల వాటా. దాని పర్మిట్లు ఎప్పటినుంచో వేరేవాళ్ల చేతుల ఉన్నయి, మనదాక రావు. ఇగ మూడోది, గడువులోపల పెద్ద కంటైనర్ ఒకటి దింపుకోవడం. ఎండాకాలం దాక సరిపోతది. అప్పటికి వాళ్లూ వాళ్లూ ఏదో ఒకటి తేల్చుకుంటరు.”

యజమాని గ్రెగ్ మూడోదానికే ఒప్పుకున్నాడు. సరుకు రాకపోతే కౌంటరు ఎత్తేస్తానని, ఆమెకు మాంసం కౌంటర్లో చోటు ఉంటుందని మామూలుగానే చెప్పాడు.

ఇంగ్లండు వాళ్లు సరుకు సిద్ధమనేసరికి డిసెంబరు వచ్చింది. ఆ మధ్యాహ్నం సాయిచరణ్ లాప్‌టాప్ తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

“ఓడ బుక్ చేస్తున్న ఆంటీ. ఒక్క క్లిక్కు.”

“ఇవాళ వద్దు నాయనా, అమావాస్య. రేపు పొద్దున్నే చెయ్యి.”

“ఓడకు అమావాస్య ఏంది ఆంటీ?”

“ఒక్క పూటకు ఏం పోతుంది చెప్పు?”

“మా అమ్మ కూడ గిట్లనే అంటది,” అని నవ్వుతూ లాప్‌టాప్ మూసేశాడు.

తెల్లారేసరికి ఆ ఓడలో చల్లటి కంటైనర్లకు చోటు అయిపోయింది. తర్వాతి ఓడ వారానికి గాని బయల్దేరలేదు. కొత్త సంవత్సరం వచ్చాక మాంట్రియల్ చేరింది. సరుకు అక్కడ ఎప్పుడు ఎక్కించారన్నది ఎవరికీ పట్టదు, ఇక్కడ కస్టమ్స్ వదిలిన రోజే లెక్క. అంత సుంకం కట్టలేక గ్రెగ్ దాన్ని రేవులోంచే ఒక అమెరికా వ్యాపారికి అమ్మేశాడు. జనవరి గడవకముందే రెండు దేశాల చర్చలు కూడా ఆగిపోయాయి.

“గ్రెగ్‌కి ఏం చెప్పావు?” అని భ్రమరాంబ సాయిచరణ్‌ను అడిగింది.

“బుకింగ్ లేటయిందని చెప్పిన. మీ పేరు ఎత్తలే.”

“నేను చెప్తాను.”

“ఏమని చెప్తరు ఆంటీ? అమావాస్య అంటే ఏందో చెప్పేసరికి ఆయన లంచ్ టైమ్ అయితది.”

ఇంకెప్పుడైనా అయితే నవ్వు వచ్చేది. రాలేదు. ఏడుపు కూడా రాలేదు. ఖాళీ అరల ముందున్న అద్దాన్ని తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

ఆ సాయంత్రం లండన్‌లో చదువుకుంటున్న కూతురు హర్షిణి ఫోన్లో, “జస్ట్ క్విట్, అమ్మా,” అంది. భ్రమరాంబ “ఊఁ” అంది. ఈ వయసులో ఇంకో దుకాణానికి వెళ్లి, పని అడిగి, అక్కడి వాళ్ల పేర్లు నేర్చుకోవాలి. ఆ ఆలోచనకే నిద్ర ముంచుకొచ్చింది.

సోమవారం మాంసం కౌంటర్లో చేరింది. చేతులకు తొడుగులు వేసుకుంది. హామ్ అనే పందిమాంసం కోసే యంత్రం వాడడం ఒక పూటలోనే వచ్చేసింది. తిప్పుతుంటే ముక్కలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వాసన భరించలేనేమో అనుకుంది. ఏమీ కాలేదు.

ఆ వారమే సీతారామారావు గారు వచ్చారు. రిటైరైన ప్రొఫెసరు, చెడ్డార్ కోసం ప్రతి శనివారం వచ్చే మనిషి. పాత కౌంటరు ఉన్నచోట కాసేపు నిలబడి, దూరం నుంచి ఆమెను చూసి, మాంసం కౌంటరు దగ్గరికి రాకుండా ఆగిపోయారు.

“ఇటు మార్చారా అమ్మా?”

“అవునండీ.”

“ఆ కత్తి ఉందా?”

“ఉందండీ, సొరుగులో.”

“మరి దాంతో ఏం కోస్తున్నారు?”

“ఏమీ కొయ్యట్లేదండీ.”

ఆయన ఇంకేదో అడగబోయారు. ఆమె తొడుగుల వంక చూసి, “సరేనమ్మా,” అని వెళ్లిపోయారు. మాంసం కోసం వరసలో ఉన్న మనిషి ముందుకు జరిగాడు. ఎంత పల్చగా కావాలని భ్రమరాంబ ఇంగ్లీషులో అడిగింది.