ముప్పై అడుగుల తాడు

ఆ రోజుల్లో మా పులివెందుల పక్క పల్లెల్లో మగపిల్లలకు నడక నేర్పేటప్పుడే వెనక్కి తిరిగి చూడటం కూడా నేర్పేవాళ్ళు. ఎవరినీ వెనక రానివ్వకూడదు, అంతే. ఆ తెలివినంతా మూట కట్టుకుని ఇరవై నాలుగేళ్ళ వయసులో నేను అంటార్కిటికాకు పోయాను (నవ్వకండి, నిజంగానే పోయాను). అక్కడి పరిశోధన కేంద్రంలో మా పెదనాన్న కొడుకు జనరేటర్ మెకానిక్. కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో పని నేర్చినవాడు. నన్ను వైర్‌లెస్ ఆపరేటరుగా చేర్పించిందీ ఆయనే. తీరా మేం ఓడ ఎక్కే ముందు ఎన్నికలొచ్చి, మా నాన్న ఒక పార్టీ, పెదనాన్న ఇంకో పార్టీ అయ్యారు. బయలుదేరేటప్పుడు నాన్న నా చెవిలో చెప్పాడు: "ఆడ గూడా వాన్ని యెనకాల రానియ్యాకు, జాగర్త."

రానివ్వలేదు. నెల రోజులు ఒకే గదిలో పడుకుని, ఒకే కెటిల్‌లో టీ తాగి, ఒక్క మాట మాట్లాడుకోలేదు. మా లీడరు ఉత్తరాది మనిషి, పాపం. అన్నదమ్ములు కదా, ఒకరికోసం ఒకరు ప్రాణమిస్తారని, దూరంగా ఉన్న గాలి కొలిచే మిషను బాగుచేయడానికి మా ఇద్దరినే జతచేసి పంపాడు. మంచు కింద పగుళ్ళుంటాయి కాబట్టి ఇద్దరి నడుములకూ ఒకే తాడు కట్టి, ఒకరు ముందు, ఇంకొకరు ముప్పై అడుగులు వెనక నడవాలి. ముందు ఎవరు? నువ్వు పో అన్నట్టు నేను చేయి చూపించాను. ఆయనా అదే చూపించాడు. చివరికి కాడికి కట్టిన ఎద్దుల్లా పక్కపక్కనే నడిచాం.

పావుగంటలో నా కాళ్ళ కింద మంచు విరిగింది. చంకల దాకా పగులులో దిగిపోయాను. కాళ్ళకు ఏమీ తగలడం లేదు. తాడు లాగిన ఊపుకు అన్న బోర్లా పడ్డాడు, చేతిలోని మంచు తవ్వే గొడ్డలి జారిపోయింది. మొలలోంచి కత్తి తీశాడు. తాడు కోసేస్తాడనుకుని కళ్ళు మూసుకున్నాను. ఆయన ఆ కత్తిని మంచులో దింపి, దాన్ని ఆసరా చేసుకుని నన్ను పైకి లాగాడు.

"కోస్తాననుకుంటివా రా?"

"నాయన చెప్పినాడు న్నా, నిన్ను యెనకాల రానియ్యొద్దని."

"మా నాయన గూడా నాకు అదే చెప్పినాడు లే. ఇంగ లెయ్. ముందు నువ్వు నడువు."

ఆ ఏడాదంతా నేను ముందు, ఆయన వెనక. అంత నిశ్చింతగా నేను మళ్ళీ ఎక్కడా నడవలేదు.

తిరిగొచ్చి జమ్మలమడుగు బస్టాండులో దిగితే రెండు జీపులు కాచుకుని ఉన్నాయి, మా నాన్నదొకటి, పెదనాన్నదొకటి. "రేయ్, పోయొస్తా రా" అన్నాడు అన్న. అందరూ చూస్తున్నారు. నేను ఆయనకు వీపు తిప్పి మా జీపెక్కాను. రెండేళ్ళకు వేముల దారిలో అన్నను వెనకనుంచి నరికారు. ఎవరని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఇప్పటికీ సిగ్గే నాకు.

మంచు మీద అన్నకు వీపు చూపించడానికి హడలిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. బస్టాండులో మాత్రం ఎంత ధైర్యంగా చూపించాడో!