గార గీకిన పన్ను

ఆసుపత్రి వెనక గదిలో పనిచేసే ఆవిడను అందరూ పళ్లక్క అంటారు. పళ్లు అమ్ముకునే మనిషి కాదు. ఊరూ పేరూ తెలియని శవం వస్తే దాని నోట్లోంచి ఒక పన్ను తీసి, శుభ్రం చేసి, డాక్టరు బల్లమీద పెట్టే మనిషి. ఇరవై ఆరేళ్లుగా అదే పని. అసహ్యం వేయదా అని అడిగినవాళ్లకు, "బతికున్న నోళ్లకంటే నయం, ఎదురు మాట్లాడవు" అని జవాబిచ్చేది.

శుభ్రం అంటే ఆవిడకు పిచ్చి. ఇంట్లో ఆవిడ గిన్నెలు తోమితే అడుగులు అరిగిపోయేవి. "అత్తయ్యా, ఈ గిన్నెలో ఇక పాలు కాచలేం, అడుగులోంచి పొయ్యి కనిపిస్తోంది" అని కోడలు అంటే, "నీ కంటికి మురికి తప్ప అన్నీ కనిపిస్తాయి" అనేది. అలాంటి మనిషికి మురికి పన్ను డాక్టరు ముందుకు పంపడం నామోషీ కాక మరేమిటి.

పన్నును బట్టి వయసు ఎలా చెబుతారో ఆవిడకు డాక్టర్లతో సమానంగా తెలుసు. ఒంటి వేరున్న ముందు పన్ను తీస్తారు. కింద దీపం వెలిగే గాజు బల్లమీద పెడతారు. వేరు చివర వెలుతురు దూరేచోటు ఒకటి ఉంటుంది. మనిషి పెద్దవాడయ్యే కొద్దీ అది పైకి పాకుతుంది. అది ఒక కొలత. చిగురు ఎంతవరకు జారిందో పంటిమీద పచ్చటి గీత చెబుతుంది. అది రెండో కొలత. రెండూ కలిపి లెక్క కడితే వయసు వస్తుంది.

పాత డాక్టరు ఒక పద్ధతి పెట్టాడు. "ముందు నేను చూడాలి. ఆ తర్వాతే నీ బ్రష్షు" అనేవాడు. ఎందుకని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయన రిటైరయ్యాక వచ్చిన కుర్ర డాక్టరుకు మూడు చోట్ల పని. "నేను వచ్చేసరికి అన్నీ సిద్ధం చేసి ఉంచండక్కా, నిలబడే టైము కూడా లేదు" అన్నాడు. ఆవిడకు కావలసిందీ అదే.

వానలు తగ్గాక నదిలో ఒక శవం దొరికింది. చాలా రోజులు నానింది. మొహం లేదు, వేళ్లమీద చర్మం లేదు, నీలం చొక్కా ఒక్కటే మిగిలింది. పళ్లక్క ముందు పన్ను పట్టుకుంటే పట్టకారు బిగించకుండానే చేతిలోకి వచ్చేసింది. నీళ్లలో నాని వదులైందనుకుంది. వేరు సగం దాకా రాయిలా గార కట్టి ఉంది. ఆ గార వదిలించడానికి అరగంట పట్టింది. పన్ను ముత్యంలా తేలింది. తనలో తాను మెచ్చుకుని బల్లమీద పెట్టింది.

డాక్టరు కొలిచాడు. యాభై, అటో ఇటో నాలుగేళ్లు అని రాశాడు. యాభై రెండేళ్ల తండ్రి కనిపించడం లేదని తిరుగుతున్న ఇద్దరు కొడుకులు వచ్చారు. చొక్కా చూశారు, కాగితం చూశారు, ఏడ్చారు. సంతకం పెట్టి తీసుకెళ్లి దహనం చేశారు. పన్ను మాత్రం చీటీ అంటించిన డబ్బాలో బీరువాలో ఉండిపోయింది.

ఆరు వారాల తర్వాత ఒక ఆడమనిషి వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి, పమిటకు ఇంకా దారం పోగులు అంటుకునే ఉన్నాయి. భర్త గోడలకు రంగులు వేస్తాడు. నది అవతల రెండు నెలల పని ఉందని వెళ్లాడు. రెండు నెలలూ ఎదురుచూసింది. ఆ తర్వాత అక్కడికి వెళ్లి అడిగితే, అసలు మనిషే రాలేదన్నారు.

"వయసెంత?" అని అడిగింది పళ్లక్క.

"ముప్పై నాలుగు. నీలం చొక్కా వేసుకెళ్లాడక్కా."

"నీలం చొక్కా ఊళ్లో సగంమందికి ఉంటుంది. మా దగ్గరికి వచ్చినాయన యాభై దాటినాయన. వేరే గుర్తులేమైనా చెప్పు."

ఆ పిల్ల తల వంచుకుంది. "చెప్పుకుంటే సిగ్గు. నోరు బాగుండదు. పెళ్లినాటికే చిగుళ్లలోంచి నెత్తురు కారేది. ముందు పళ్లు కదిలేవి. గార పట్టి పొడుగ్గా, ముసలాడి పళ్లలా ఉండేవి. డాక్టరు దగ్గరికి పదమంటే, పన్ను నొప్పికి ఎవడూ చావడులే అనేవాడు."

పళ్లక్క చేతిలో తుడుస్తున్న గుడ్డ ఆగిపోయింది. పట్టకారు అక్కర్లేకుండా వచ్చిన పన్ను, అరగంట గీకిన గార రెండూ ఆవిడకు ఒక్కసారే అర్థమయ్యాయి. ఆ పిల్లను స్టూలుమీద కూర్చోబెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లింది.

జరిగింది దాచకుండా చెప్పింది. డాక్టరు డబ్బా తెప్పించి, పన్నును మళ్లీ దీపంమీద పెట్టాడు.

"వేరులో వెలుతురు దూరింది కొంచెమేనక్కా. చిగురు గీత మాత్రం బాగా దిగింది. అదే లెక్కను పైకి లాగింది. జబ్బు చిగుళ్లని తెలిసుంటే ఆ కొలతను నమ్మేవాణ్ణి కాదు. గార అలాగే ఉంటే చూడగానే తెలిసేది."

"గార నేను తీసేశాను కదా. అయితే ముప్పై నాలుగేనా?"

"కావచ్చు. యాభై ఏళ్లవాడికి మాత్రం చిగుళ్ల జబ్బు రాకూడదనేముంది. దవడ ఉంటే చూసేవాణ్ణి."

"దవడ బూడిదైపోయింది."

"అందుకే ఏమీ చెప్పలేను."

రక్తం పరీక్ష ఉందిగా అంది ఆవిడ. పన్నుతో పోల్చడానికి రక్తసంబంధం ఉన్నవాళ్ల రక్తం కావాలన్నాడు. ఆ పిల్లను అడిగితే, రంగులవాడు ఎవరో పెంచుకున్న బిడ్డ, తల్లిదండ్రులు తెలియదు, పిల్లలు లేరు అంది. ఇక మిగిలింది ఆ ఇద్దరు కొడుకులు. డాక్టరు వాళ్లకు ఉత్తరం రాశాడు. జవాబు రాకపోతే పళ్లక్క సెలవు పెట్టుకుని వాళ్ల ఇంటికే వెళ్లింది.

పెద్దవాడు గుమ్మం దిగలేదు. "మా నాన్నను సాగనంపాం. మా అమ్మ ఈ మధ్యే కాస్త అన్నం తింటోంది. ఇప్పుడు మీరొచ్చి ఆయన కాదేమో అంటే ఎలాగండీ."

"కాకపోతే మీ నాన్న ఇంకా ఎక్కడో ఉన్నట్టే కదా బాబూ. వెతికేవాళ్లు లేరు."

లోపల గిన్నె చప్పుడు వినబడింది. వాడు వెనక్కి చూసి, గొంతు తగ్గించి, "వెళ్లండమ్మా, దండం పెడతాను" అని తలుపు వేసేశాడు. వాళ్లు ఒప్పుకోనిదే పరీక్ష చేయించే అధికారం తమకు లేదని పై ఆఫీసు రెండు ముక్కల్లో తేల్చేసింది.

కుట్టుపని పిల్ల మళ్లీ వచ్చినప్పుడు పళ్లక్క అంతా చెప్పింది. గీకింది తానేనని కూడా చెప్పింది. తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుంది. ఆ పిల్ల తిట్టలేదు. ఆ పన్ను చూపించమంది.

రూలు ఒప్పుకోదు. అయినా పళ్లక్క డబ్బా తెరిచింది. పన్ను తెల్లగా, వేరుతో సహా లోపల మెరుస్తోంది. ఆ పిల్ల వంగి ఇటునుంచి చూసింది, అటునుంచి చూసింది.

"ఇంత తెల్లగా ఎప్పుడూ లేదక్కా. ఉన్నా నేను గుర్తుపట్టలేనులే. వాసనకు తట్టుకోలేక పదేళ్లు మొహం అటు తిప్పుకునే పడుకున్నాను. ఆ నోరు సరిగా చూసిందెప్పుడు?"

పళ్లక్క డబ్బా మూసింది.

"ఒక్క మాట చెప్పక్కా. ఇంక వెతకనా, మానెయ్యనా?"

పళ్లక్క డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేసింది. మానెయ్యి అంటే, బతికున్నాడేమో తెలియని మనిషిని తన నోటితో చంపినట్టు. వెతుకు అంటే, బూడిదైపోయాడేమో తెలియని మనిషికోసం ఈ పిల్లను కాళ్లరిగేలా తిప్పినట్టు. అబద్ధమైనా సరే ఒక మాట చెప్పి పంపుదామా అనుకుంది. ఏ అబద్ధం మేలో కూడా తేలలేదు. ఆ పిల్ల సంచీ భుజాన వేసుకుని లేచింది.

"పోనీలే, పై వారం అవతలి గట్టు ఆసుపత్రిలో అడుగుతాను. అక్కడా పళ్లు కడిగేవాళ్లు ఉంటారా?"

"ఉంటారు."

"మంచివాళ్లేనా?"

"నాలాంటివాళ్లే" అంది పళ్లక్క.