గంజి పోసిన బీరు

బీరు నచ్చి నేను బీరు చేయడం మొదలుపెట్టలేదు. నచ్చుతుందో లేదో తెలియక మొదలుపెట్టాను. ఈ మాటంటే మా ఆయన ఇప్పటికీ నవ్వుతాడు, కానీ నిజం అదే. జగదల్‌పూర్‌లో మాది మూడో అంతస్తులో రెండు గదుల అద్దె ఇల్లు. ఆయన కిరందుల్ లైన్లో రైలింజను నడుపుతాడు. ఒకసారి డ్యూటీకి వెళ్తే రెండు రోజుల దాకా రాకపోవచ్చు. ట్యూషన్ పిల్లలు సాయంత్రం వస్తారు. మిగతా రోజంతా నేనూ నా వంటగదీ నా ఫోనూ. ఆ ఫోన్లో ఒకరోజు ఎవరో కుర్రాడు తన బాల్కనీలో బీరు చేసుకుంటూ, అదేదో మహావిద్య అయినట్టు చెప్పుకుపోతున్నాడు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, వీడికి వచ్చింది నాకు రాదా అని ఒళ్ళు మండింది.

మొదటి రెండుసార్లూ పార్సిల్లో తెప్పించిన బార్లీతో చేశాను. మూడోసారి పార్సిల్ రాలేదు. ఆదివారం సంతకు తోంగ్‌పాల్ వైపు నుంచి ఒకావిడ వచ్చి లాందా అమ్ముతుంది. బియ్యప్పిండి పులియబెట్టి ఇక్కడివాళ్ళు చేసుకునే కల్లులాంటిది అది. నా గోడు చెప్పుకుంటే ఆవిడ ఇక్కడి హల్బీ భాషలో, "మొలకెత్తించు, ఎండబెట్టు, విసురు. దానికి పార్సిల్ ఎందుకమ్మా" అంది. సిగ్గేసింది. చోళ్ళు కొనుక్కొచ్చాను. రాగుల్ని మా విజయనగరం వైపు చోళ్ళంటారు. మొలకెత్తించి, మేడ మీద ఎండబెట్టి, మరపట్టించి, చిక్కటి జావ కాచి, చల్లార్చి, ఈస్టు కలిపి, మూత ఉన్న తెల్ల బకెట్లో పోసి గ్యాసు బండ పక్కన పెట్టాను. మాకున్న చోటు అంతే.

ఇక్కడ ఆదివాసీలు ఇంటి అవసరానికి కాచుకోవచ్చట, మాలాంటివాళ్ళు చేయకూడదట. చేసేది రెండు సీసాలైనా చేయకూడనిది చేయకూడనిదే. అందుకని ఎవరికీ చెప్పలేదు. ఆయనొక్కడికే చెప్పాను. ఆయన చుక్క ముట్టడు. ఇంజను ఎక్కేముందూ దిగాకా, తాగారో లేదో చెప్పే మిషను ఊదాలి, వాసన తగిలినా ఉద్యోగం మీదికొస్తుంది. ఇంకో కారణం వాళ్ళమ్మ. మా మామగారు సారా తాగి తాగి పోయారు. ఆ రోజే అత్త కొడుకు చేత బైబిలు మీద ప్రమాణం చేయించింది. "నువ్వేం చేసుకుంటావో చేసుకో. నా తిండికి, నా గ్లాసుకు మాత్రం అది తగలకూడదు" అన్నాడాయన. సరేనన్నాను. ఆ మాట నిలబెట్టుకుంటున్నాననే అనుకున్నాను.

బకెట్ పెట్టిన మర్నాడే మా అత్త దిగింది. మోకాళ్ళ నొప్పులు, ఇక్కడి డాక్టరుకు చూపించుకుంటానని. సంచీ కింద పెట్టకముందే వంటగదిలోకి తొంగిచూసింది.

"ఏటే పిల్లా ఆ బకీటు?"

అప్పటికి నాకు వచ్చిన ఒకే ఒక్క మాట అనేశాను. "చోడంబలి అత్తా. పులవడానికి పెట్టేను."

మూత తీసి చూసింది. అదే గోధుమరంగు, అదే నురగ, అదే పుల్లటి వాసన. అత్త మొహం వెలిగిపోయింది. "మంచి పని సేసేవు. పట్నంలో పెరిగినదానివి, అంబలి మొహం ఎరగవనుకున్నాను" అంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో అత్త నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మెప్పు రుచిగా ఉంది మరి.

ఆ తర్వాతి పది రోజులూ నాకు పిచ్చి పట్టినంత పనైంది. బీరులో చక్కెర ఎంత మిగిలిందో చూడటానికి గాజు గొట్టం ఒకటుంటుంది, అందులో వేస్తే తేలుతుంది. చక్కెర తగ్గేకొద్దీ గొట్టం కిందికి దిగాలి. మాది రెండు రోజులు దిగింది, మూడో రోజు పైకి లేచింది. మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. రోజూ నోట్‌బుక్కులో రాసుకుంటూ, కింద ప్రశ్నార్థకాలు పెట్టుకుంటూ కూర్చున్నాను. బకెట్లో మట్టం ఒక పూట తగ్గేది, ఇంకో పూట పెరిగేది. కారుతోందా అని అడుగు తడిమి చూశాను, పొడిగానే ఉంది. గొట్టం పాడైందనుకుని నీళ్ళలో వేస్తే సరిగ్గానే తేలింది. రెండు వారాలు నిండకుండా రుచి చూడకూడదన్నాడు ఆ ఫోన్లో కుర్రాడు. అదొక్కటీ అక్షరాలా పాటించాను.

ఇంకోపక్క అత్త ఆరోగ్యం రోజురోజుకీ బాగుపడుతోంది. మోకాళ్ళు సలపడం లేదంది. మధ్యాహ్నం పడుకుంటే హాయిగా నిద్ర పడుతోందంది. పాటలు పాడుకుంటూ బియ్యం కడుగుతోంది. "అంతా ప్రార్థన పలం" అంది. ఆవిడ మొహంలో ఆ నవ్వేమిటో కూడా నాకు అర్థం కాలేదు.

పదో రోజు ఆయనకు పొద్దున పది గంటలకు డ్యూటీ. నేను మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేసరికి వెళ్ళిపోయాడు. అరగంటకు ఫోన్. స్టేషన్ పక్కన డ్రైవర్లు సంతకం పెట్టే గది నుంచి.

"నువ్వు చేసేది నా తిండిలో ఏమైనా కలిసిందా?"

"లేదే. ఏమైంది?"

"మిషను మోగింది. నోరు పుక్కిలించి మళ్ళీ ఊదమన్నారు. మళ్ళీ మోగింది. డాక్టరు దగ్గరికి పంపుతామంటున్నారు. ఇంట్లో రెండిడ్లీలు తిన్నాను, అమ్మ అంబలి ఇచ్చింది, తాగేను. ఇంకేమీ లేదు."

"మనింట్లో అంబలెక్కడిదీ" అని, ఆ మాట మధ్యలోనే ఆగిపోయాను. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని వంటగదిలోకి పరిగెత్తాను.

వంటగదిలో అత్త బియ్యం వార్చిన గంజిని బకెట్లోకి ఒంపుతోంది. గంజి పులియబెట్టే తరవాణి కుండకు మావైపు చేసేది అదే. తాగినంత తాగడం, తీసినంత గంజీ కడుగూ పోయడం, కుండను ఎప్పుడూ ఖాళీ కానివ్వకపోవడం. నా బీరుని మా అత్త పది రోజులుగా తరవాణి కుండలా పోషిస్తోంది. మజ్జిగా ఉల్లిపాయా ఉప్పూ కలిపి రోజూ మధ్యాహ్నం నేను కునుకు తీసే వేళ ఒక గ్లాసు తాగుతోంది. ఆ రోజు కొడుక్కి చెంబుడు ఇచ్చింది.

"ఆయన తాగేడంటున్నారు అత్తా" అన్నాను. ఏం తాగాడో చెప్పలేకపోయాను. ఆవిడ చేతిలో గిన్నె అక్కడే పెట్టేసి, బైబిలు సంచీ భుజాన వేసుకుని చెప్పులు వేసుకుంది. ఆటోలో దారంతా చెప్పాలని చూశాను. తాగించింది నువ్వేనని, నీ చేత తాగించింది నేనేనని ఎలా మొదలుపెట్టాలి? ఆవిడ కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తూనే ఉంది. స్టేషన్ వచ్చేసింది.

ఆ గదిలో ఆయన బెంచీ మీద తల దించుకుని ఉన్నాడు. పెద్దాయన ఒకాయన, ఇక్కడివాడే, బల్ల వెనక కూర్చున్నాడు. అత్తకు హిందీ రాదు. ఆ పెద్దాయనకు తెలుగు రాదు. మధ్యలో నేను.

"నా కొడుకు ముట్టడని సెప్పు. పొద్దున్న నా సేత్తో అంబలిచ్చేను, అంతే అని సెప్పు."

హిందీలో చెప్పాను. అంబలి అంటే ఏమిటన్నాడు. "పేజ్" అన్నాను. ఇక్కడ ప్రతి ఇంట్లో తాగే రాగి జావ పేరది. అబద్ధమా, నిజమా? నాకే తెలియలేదు. ఆయన నవ్వి, "నేనూ పొద్దున పేజ్ తాగే వచ్చానమ్మా. నాకు మోగలేదే" అన్నాడు.

అది తెలుగులో చెప్పేసరికి అత్తకు రోషం వచ్చింది. "అయితే నానూ తాగేను. ఆడికిచ్చినప్పుడే గ్లాసుడు తాగేను. నాకెట్టండి ఆ మిషను" అని చెయ్యి చాచింది. పెద్దాయన వద్దన్నాడు. ఆవిడ వినలేదు. చివరికి కొత్త గొట్టం తగిలించి ఇచ్చాడు. తెల్లచీర కొంగు నడుముకు చుట్టుకుని, మా అత్త కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదింది.

ఎర్రలైటు వెలిగింది. మిషను మోగింది.

మా ఆయన తలెత్తి నా వైపు చూశాడు.

"ఏటంతంది?" అని అత్త నన్నడిగింది.

"నువ్వు తాగేవంటోంది అత్తా" అన్నాను. ఇక ఆపుకోలేక ఏడ్చాను. ఏడుస్తూనే తెలుగులో అత్తకూ హిందీలో పెద్దాయనకూ చెప్పాను. ఎవరికి ఏ మాట ఏ భాషలో చెప్పానో నాకే తెలియదు. ఒక కాగితం ఇచ్చి రాయమన్నాడాయన. మొలకలు, ఈస్టు, నా అబద్ధం, అత్త గంజి, అన్నీ రాశాను. చదివి, "మరి దీన్ని ఏమని రాయాలి? పేజా, బీరా?" అన్నాడు. మొలకెత్తించి పులియబెట్టిందీ నేనే, గంజి పోసి తరవాణి చేసిందీ అత్తే. చివరికి పెద్దాయన 'ఇంట్లో చేసిన పానీయం' అని హిందీలో రాసుకున్నాడు.

ఉద్యోగం పోలేదు. రక్తం తీశారు, విచారణ జరిగింది, కొన్ని నెలలు ఇంజను ఎక్కనివ్వకుండా ఆఫీసులో కాగితాలు మోయించారు. తర్వాత ఎక్కించారు. ఆయన సర్వీసు ఫైల్లో ఆ కాగితం ఇప్పటికీ ఉంది, కింద నా సంతకం. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. నేను మళ్ళీ బకెట్ ముట్టలేదు.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది తిరుగు ఆటో. ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. మేమిద్దరమే ఇంటికి వస్తున్నాం. అత్త తిడుతుందని ఎదురుచూస్తున్నాను. ఆవిడ సంచీ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. చాలాసేపటికి అడిగింది.

"మీ మావ తాగినాది ఇదేనా?"

"ఆయన తాగింది సారా అత్తా. ఇది అంత ఘాటు కాదు. కానీ రెంటిలోనూ ఉండేది ఒకటే."

"తాగొచ్చిన రోజల్లా గుమ్మం బయటే పడుకోబెట్టేదాన్ని. వర్షమైనా తలుపు తీసేదాన్ని కాదు. ఒక్క గుక్క తాగి సూడే, అప్పుడు తిట్టు అనేవోడు. ఒక్కసారీ సూళ్ళేదు."

క్షమించమని అడగాలనుకున్నాను, దేనికని అడగాలో తెలియలేదు.

"బాగుందే పిల్లా" అంది అత్త, కళ్ళు తుడుచుకుంటూ. "అదే నాకు బాధగా ఉంది."