అమ్మ చేతులకి ఒక బేసిను

మా ఇంట్లో పూర్తిగా కోపంతో కొన్న వస్తువు ఒక్కటే. బాత్రూములోని వాష్ బేసిను.

ఎనభైల్లో నల్లపాడులో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. నేను గుంటూరులో ఒక ఆసుపత్రిలో నర్సుని, మా ఆయన బడిపంతులు. గచ్చు పని అయిపోయాక ఆయన, "బేసిను ఎందుకు? గోలెం, చెంబు చాలవా?" అన్నారు. చాలవన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే ఏడుపొస్తుంది, ఏడిస్తే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు మా పల్లెలో అమ్మ రైతుల ఇళ్లకి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. పొద్దుగూకేసరికి చేతులు ఎర్రబడి మంటలెత్తేవి. మాది చర్చి పక్క పేట. మేం చెంబు ముట్టుకోకూడదు. అందుకని ఆ ఇంటావిడ అరుగు మీద నుంచుని, తన చీర మీద చుక్క చిందకుండా, పైనుంచి నీళ్లు పోసేది. అమ్మ వంగి దోసిలి పట్టేది. దేవుడి ముందు తప్ప ఇంకెక్కడా వంగొద్దని ప్రతి ఆదివారం మాకు చెప్పే మనిషి, సోమవారం అక్కడ వంగేది. ఆ దోసిలి నేను మర్చిపోలేదు. మర్చిపోవాలని కూడా అనుకోలేదు.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. వచ్చిందన్న మాటే గానీ, సీజనులో మళ్లీ తొడిమల పనికే. వద్దంటే, "కూర్చుని తినడం నాకు చాతకాదు" అనేది. సాయంత్రం పెరట్లో నుంచుని, "అమ్మాయ్, కాసిని నీళ్లు పొయ్యవే" అని పిలిచేది. పోసేదాన్ని. పోస్తుంటే నేనే ఆ అరుగు మీది ఆవిడనైనట్టుండేది. ఇక ఈ ఇంట్లో మా అమ్మకి ఎవరూ నీళ్లు పోయకూడదు, తన చేతులు తనే కడుక్కోవాలి అనుకున్నాను.

బేసిన్ల దుకాణానికి నేనూ మా ఆయనా వెళ్లాం. అమ్మ పని నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. దుకాణందారు నా వైపు చూడనే లేదు. "సార్, మీ బడ్జెట్ చెప్పండి" అని మా ఆయన్నే పట్టుకున్నాడు. ఇంతలో అమ్మ ఒక పెద్ద తెల్ల బేసిను అంచు మీద చెయ్యి వేసి చూసింది.

"ఏమ్మా, ముట్టుకోకు, తెల్ల సరుకు" అని, గుడ్డ తీసి, ఆమె వేళ్లు తగిలినంత మేరా తుడిచాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

"ఇప్పుడు మీరు తుడిచారే, అది కట్టండి" అన్నాను.

"అది పెద్ద సైజండి. మీ బాత్రూములో పట్టదు. ఇటు చిన్నవి..."

"అదే కట్టండి."

మా ఆయన గొణిగారు. వినలేదు. రిక్షాలో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటిదాకా మోశాను. నిజంగానే పట్టలేదు. దాన్ని బిగిస్తే బాత్రూము తలుపు సగమే తెరుచుకుంటుందన్నాడు మేస్త్రీ. తెరుచుకున్నంతే చాలన్నాను. అమ్మ పొట్టి మనిషి. ఆమె మోచేతుల ఎత్తుకి దించి బిగించమన్నాను. అప్పటినుంచి మా ఆయన మొహం కడుక్కోవాలంటే నడుం వంచాల్సిందే. వంచితే ఏమవుతుంది?

మొదటి సాయంత్రం అమ్మ వచ్చి బేసిను ముందు నుంచుంది. పంపు ముట్టుకోలేదు. దోసిలి పట్టి, "అమ్మాయ్, కాస్త తిప్పవే" అంది.

నా కోపం కట్టలు తెంచుకుంది. "ఇది నీ ఇల్లమ్మా! ఇక్కడ నిన్ను ముట్టుకోవద్దనేవాళ్లు ఎవరున్నారు? ఆవిడ నీ నెత్తి మీద ఇంకా చెంబు పట్టుకునే ఉందా? ఎన్నాళ్లు పడతావు ఆ దోసిలి?" ఇంకా చాలా అన్నాను. మా పాప గదిలోంచి తొంగి చూసేదాకా అంటూనే ఉన్నాను.

అమ్మ మండుతున్న చేతులు అలాగే పట్టుకుని అంతా విన్నది.

"ఆవిడెవరే ఇప్పుడు మధ్యలో? ఇవి కారం చేతులు. పంపు పట్టుకుంటే దానికి అంటుద్ది. పొద్దున్నే పిల్ల అదే పట్టుకుని కళ్లు నులుముకుంటది."

పాపకి మూడేళ్లు. నేను పంపు తిప్పాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఆసుపత్రిలో కట్టు కట్టడానికి ముందు చేతులు కడుక్కుంటూ మోచేత్తో పంపు నెట్టాను. నెట్టి అలాగే నిలబడిపోయాను. పొడుగు పిడి పంపు. చేత్తో ముట్టుకునే పనే లేదు. డ్యూటీ దిగి నేరుగా ఆ దుకాణానికే వెళ్లాను.

"అవి ఆసుపత్రులకండి. ఇళ్లల్లో ఎవరూ పెట్టుకోరు" అన్నాడు.

"మేం పెట్టుకుంటాం. తెప్పించండి."

వారానికి తెప్పించాడు. బిగించిన రోజు అమ్మ పని నుంచి వచ్చి మోచేత్తో నెట్టింది. నీళ్లొచ్చాయి. ఆపింది. మళ్లీ నెట్టింది.

"బాగుందే. ఇట్టాంటివి ఎక్కడుంటయ్యి?"

"మా ఆసుపత్రిలో."

"కొత్తగా పెట్టారా?"

"నేను చేరకముందు నుంచీ ఉన్నాయి."

అమ్మ సబ్బు తీసుకుని ఒక్కో వేలూ నిదానంగా రుద్దుకుంది. ఎనిమిదేళ్లుగా రోజుకి ఎన్నిసార్లో ఆ పిడిని నెట్టిన మోచెయ్యి నాది. ఆ సాయంత్రం తిట్టుకోవడానికి నాకు నేను తప్ప ఇంకెవరూ మిగల్లేదు. తువ్వాలు పట్టుకుని పక్కన నుంచున్నాను.